కొలిచి పోయుట, కడిగి ఇచ్చుట: సీ భాషలో అక్షరముల భద్రత

బిడ్డను బడిలో చేర్చునాడు తల్లిదండ్రులు మొట్టమొదట ఒప్పగించునది ఆ బిడ్డ పేరు. పూర్వము ఉపాధ్యాయుడు ఆ పేరును రిజిస్టరులో సిరాతో వ్రాసెడివాడు. గడి చాలనిచో అక్షరములను చిన్నవి చేసి ఇరికించెడివాడు. అప్పటికిని చాలకున్న క్రింది వరుసకు దించెడివాడు. ప్రక్క గడిలోనున్న వేరొక బిడ్డ వివరములపై మాత్రము వ్రాసెడివాడు కాడు. ఆ వివేకము మనుష్యునిది. నేడు పేరు కంప్యూటరులోనికి పోవుచున్నది. దానితో పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, తండ్రి ఫోను సంఖ్య, మార్కులు కూడ పోవుచున్నవి. కంప్యూటరునకు ఆ వివేకము స్వతస్సిద్ధముగా లేదు. ప్రోగ్రాము వ్రాసినవాడు ఎంత నేర్పునో అంతయే దానికి తెలియును.

అతడు నేర్పుట మరచినచో రెండు విధములైన కీడులు కలుగును. ఒకరి పేరు పొంగి ప్రక్కవారి సమాచారమును చెరపును. లేదా ఒకరి పేరు అడుగగా ప్రక్కవారి సమాచారము కూడ బయటికి పోవును. ఈ రెండును ఎట్లు జరుగునో, వానిని ఎట్లు నివారింపవచ్చునో తల్లిదండ్రులకు తెలియునట్లు చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము. మన బడిలో చదివి ఇంజనీరింగు కళాశాలలలో చేరు పిల్లలు పలువురు తొలి సంవత్సరముననే సీ భాష నేర్చుచున్నారు. కనుక ఇది మన ఇండ్లలోనికి వచ్చిన విషయమే. అంతేకాదు; తెలుగు పేరు గలవారికి ఇది మరింత ముఖ్యము. కారణము ముందు తెలియగలదు.

అక్షరముల వరుసకు హద్దు

సీ భాషను అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ అను శాస్త్రజ్ఞుడు 1970 దశకపు తొలి సంవత్సరములలో రూపొందించెను. ఆయనయు, ఆయన సహచరుడు బ్రయన్ కెర్నిఘనును కలిసి 1978లో దానిని గూర్చి వ్రాసిన గ్రంథము లోకమంతట వ్యాపించెను. భాష పాతదైనను వాడుక తగ్గలేదు. ఆండ్రాయిడ్ ఫోనులకు మూలాధారమైన లినక్స్ కెర్నెలు నేటికిని అత్యధిక భాగము సీ భాషలోనే కలదు.

కంప్యూటరు మెమరీని వరుసగా పేర్చిన చిన్న అరలుగా భావింపుడు. ఒక్కొక్క అరకు బైటు అని పేరు. ఒక పేరును దాచవలసినప్పుడు ప్రోగ్రాము వ్రాయువాడు కొన్ని అరలను కలిపి ఒక గదిగా కేటాయించును. ఆ గదిలో వరుసగా నిలుపు అక్షరములకు స్ట్రింగు అని పేరు. ఇచ్చట ఒక విశేషము కలదు. సీ భాషలో స్ట్రింగు పొడవెంతయో ఎచ్చటను వ్రాసియుండదు. చివరి అక్షరము తరువాతి అరలో సున్న విలువను ఉంచుదురు. చదువువాడు ఆ సున్న కనబడువరకు చదువుచు పోవును, కనబడగానే ఆగును.

ఇది పొలము చుట్టును గట్టు వేయక, కొసన ఒక హద్దురాయి మాత్రము పాతినట్లు. రాయి ఉన్నంతవరకు చిక్కు లేదు. రాయి లేనిచో, దున్నువాడు తెలియకయే పొరుగువాని పొలములోనికి పోవును. సీ భాషలోని ప్రమాదములు పెక్కింటికి మూలము ఈ ఒక్క ఏర్పాటులోనే కలదు.

మన అక్షరమునకు మూడు అరలు

ఇంగ్లీషు అక్షరము ఒక్క అరలో ఇముడును. మన అక్షరములు ఇమడవు. ప్రపంచ లిపులన్నిటికిని సంఖ్యలు కేటాయించిన ఏర్పాటునకు యూనికోడ్ అని పేరు. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకును, దానిని అంటుకొనియే కన్నడమునకు 3200 మొదలు 3327 వరకును స్థానములు కలవు. కోలారు జిల్లాలో ఇరుగుపొరుగున నున్న ఈ రెండు భాషలు అచ్చటను ఇరుగుపొరుగుననే యుండుట చూడ ముచ్చటగా నున్నది. ఆ సంఖ్యలను అరలలో నింపుటకు నేడు విస్తారముగా వాడబడు పద్ధతి యూటీఎఫ్-8. దానిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిరి. ఈ పద్ధతిలో తెలుగునకు గాని కన్నడమునకు గాని ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్లు కావలెను. అచ్చును ఒక గుర్తే. హల్లును, గుణింతపు గుర్తును, హలంతపు పొల్లును వేర్వేరు గుర్తులే.

మన ఊరి పేరునే తీసికొందము. ఇంగ్లీషున మాస్తి అని వ్రాయుటకు ఐదు అక్షరములు, ఐదు బైట్లు. తెలుగున మకారము, దీర్ఘము, సకారము, పొల్లు, తకారము, గుడి అని ఆరు గుర్తులు. కనుక పదునెనిమిది బైట్లు. కంటికి రెండక్షరములుగా కనబడు మాట పదునెనిమిది అరలను ఆక్రమించుచున్నది! సున్న గుర్తుతో కలిపి పందొమ్మిది. ఇంగ్లీషు పేర్లను మనసున నుంచుకొని గదులు కట్టిన ప్రోగ్రాములో మొదట ఇరుకున పడునది మన పిల్లల పేర్లేయని దీనివలన తెలియుచున్నది.

పొంగి పొరలుట

కోలారు జిల్లాకు జీవనది లేదు. చెరువులే మనకు ఆధారము. చెరువు త్రవ్విన పెద్దలు కట్టతోపాటు మరువను కూడ కట్టిరి. నీరు ఎంత పట్టునో ముందుగా కొలిచి, మించిన నీరు పోవుటకు దారి చేసిరి. మరువ లేని చెరువునకు పెద్దవాన వచ్చిన కట్ట తెగును. క్రిందనున్న పైరు మునుగును.

సీ భాషలో స్ట్రింగ్‌కాపీ అను పనిముట్టు మరువ లేని చెరువు వంటిది. ఒక గదిలోని స్ట్రింగును వేరొక గదిలోనికి ఎత్తివ్రాయుటయే దాని పని. కాని చేరవలసిన గది ఎంతటిదో అది అడుగదు. మూలములో సున్న కనబడువరకు వ్రాయుచునే యుండును. ఒక పాఠశాల ప్రోగ్రాములో పేరునకు ముప్పదిరెండు బైట్ల గది కలదనుకొనుడు. ఇంగ్లీషున వేంకటలక్ష్మి అని వ్రాసిన పదునాలుగు అక్షరములు, సుఖముగా ఇముడును. అదే పేరును తెలుగున వ్రాసిన పన్నెండు గుర్తులు, ముప్పదియారు బైట్లు, సున్నతో ముప్పదియేడు. కనుక ఐదు బైట్లు పొంగి ప్రక్క గదిలో పడును. ఆ ప్రక్క గదిలో మార్కులున్నచో మార్కులు చెడును. ప్రోగ్రాము తరువాత ఏమి చేయవలెనో తెలుపు గుర్తు అచ్చట నున్నచో ప్రోగ్రామే దారి తప్పును.

దారి తప్పుట యొక్క ఫలితము 1988 నవంబరు 2వ తేదీన లోకమునకు తెలిసెను. రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి విడిచిన ఒక ప్రోగ్రాము నాటి ఇంటర్నెట్టులో తనంతట తాను ప్రాకి, అప్పటి అంచనా ప్రకారము సుమారు 6000 కంప్యూటర్లను స్తంభింపజేసెను. అది లోపలికి చొరబడిన దారులలో ఒకటి ఇదియే. ఫింగర్ అను సేవలో వచ్చిన పంక్తిని నిలుపుటకు 512 బైట్ల గది కలదు. పంక్తిని చదువు గెట్స్ అను పనిముట్టు గది పరిమాణమును అడుగదు. అంతకు మించిన పంక్తిని పంపి, పొంగిన భాగముతో ఆ కంప్యూటరునే తన చెప్పుచేతలలోనికి తెచ్చుకొనెను. గెట్సును భద్రముగా వాడు ఉపాయమే లేదు. అందువలన 2011 నాటి సీ భాషా ప్రమాణములో దానిని పూర్తిగా తొలగించిరి.

హద్దురాయి లేక సమాచారము జారుట

పొంగుటను ఆపుటకు పలువురు స్ట్రింగ్-ఎన్-కాపీ అను మరియొక పనిముట్టును ఆశ్రయించిరి. దీనికి గది పరిమాణమును చెప్పవచ్చును. అంతకు మించి వ్రాయదు. ఇది క్షేమమని తోచును గాని ఇందొక మెలిక కలదు. మూలములోని పేరు గదికి సరిపోవునంతటిదైనను, మించినదైనను, ఇది గదిని నిండుగా నింపి ఊరకుండును. చివర సున్నను ఉంచదు. పూర్వపు యూనిక్స్‌లో దస్త్రముల పేర్లకు పదునాలుగు బైట్ల నిలుకడ గడులుండెడివి. గడి నిండినచో సున్న అక్కరలేదని అందరికిని తెలియును. అట్టి గడుల కొరకు తగిన పనిముట్టును సామాన్యపు స్ట్రింగులకు వాడుటవలననే చిక్కు వచ్చినది.

వేంకటలక్ష్మి పేరునే మరల చూతము. ముప్పదిరెండు బైట్ల గదిలో పది గుర్తులు పూర్తిగా ఇముడును. పదునొకండవదైన మకారములో రెండు బైట్లు మాత్రము పట్టి మూడవది తెగును. గుడి అసలే పోవును. తెరపై "వేంకటలక్ష్" అని కనబడి, తరువాత ప్రశ్నార్థకపు గుర్తు గల నల్లని డబ్బా ఒకటి కనబడును. ఇంతతో పోయిన మేలే. గదిలో సున్న లేదు గనుక, ఆ పేరును చదువు ప్రోగ్రాము అచ్చట ఆగదు. ప్రక్క గదిలోని ఫోను సంఖ్యను, దాని ప్రక్కనున్న చిరునామాను, ఎచ్చట సున్న తగులునో అంతవరకు చదివి బయటపెట్టును. ఎవరును దొంగిలింపలేదు, ఎవరును తాళము పగులగొట్టలేదు. హద్దురాయి లేకపోవుటచేతనే సమాచారము జారిపోయినది.

ఇట్లు మితిమీరి చదువుటవలన కలిగిన మహోపద్రవము 2014 ఏప్రిల్ 7వ తేదీన బయటపడిన హార్ట్‌బ్లీడ్ దోషము. ఇది స్ట్రింగ్‌కాపీకి సంబంధించినది కాదు. కాని అదే కుటుంబములోనిది. ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను రహస్య రక్షణ ప్రోగ్రాములో ఒక మర్యాద కలదు. ఒక కంప్యూటరు కొన్ని అక్షరములను పంపి, "ఇవి ఇన్ని బైట్లు; నీవు మేలుకొనియున్నచో వీనినే తిరిగి పంపుము" అని అడుగును. రెండవది ఆ మాట నమ్మి అన్ని బైట్లు తిరిగి పంపును. అడిగినవాడు గిద్దెడు గింజలు తెచ్చి, "కుంచెడు తెచ్చితిని, తిరిగి పోయుము" అన్నచో, కొలువని కోమటి ఏమి చేయును? మిగిలినదానిని ఇతరుల మూటలలోనుండి తీసి పోయును. అట్లే ఒక్కొక్క మారు 64 కిలోబైట్ల వరకు ఇతరుల సమాచారము, సంకేతపదములు సహితము, బయటికి పోవుటకు అవకాశము కలిగెను. కెనడా దేశపు పన్నుల శాఖనుండి ఈ దారిని సుమారు 900 మంది సామాజిక బీమా సంఖ్యలు అపహరింపబడెను. వచ్చిన గింజలను ఒక్కమారు కొలిచియున్న ఇదంతయు జరిగెడిది కాదు.

కడుగని పాత్ర

మూడవ దోషము మరింత సూక్ష్మమైనది. ఇందు పొంగుట లేదు, హద్దురాయియు ఉన్నది; అయినను సమాచారము జారును. ముప్పదిరెండు బైట్ల గదిలో మునుపు ఒకరి చిరునామా ఉండెననుకొనుడు. ఆ పని ముగిసిన పిదప అదే గదిలో "రాము" అని వ్రాసితిమి. నాలుగు గుర్తులు, పండ్రెండు బైట్లు, సున్నతో పదుమూడు. మిగిలిన పందొమ్మిది బైట్లలో పాత చిరునామా ముక్క అట్లే యుండును. పేరును మాత్రము చదివిన అది కనబడదు. కాని గదిని గదిగా మరియొక కంప్యూటరునకు పంపినను, ఫైలులో వ్రాసినను, ఆ ముక్క కూడ పోవును. పొరుగింటికి పాయసము పంపునప్పుడు గిన్నెను కడుగక పంపినట్లు ఇది.

ఈ మూడు దోషములను దృష్టిలో నుంచుకొని పెద్దలు క్రమముగా మంచి పనిముట్లను చేసిరి. 1998లో ఓపెన్ బీఎస్‌డీ బృందమునకు చెందిన టాడ్ మిల్లర్, థియో డి రాట్ అనువారు స్ట్రింగ్-ఎల్-కాపీని తెచ్చిరి. అది గదిని మించదు. గది ఉన్నంతలో సున్నను తప్పక ఉంచును. కాని మూలము పూర్తి పొడవును తిరిగి చెప్పవలెను గనుక మూలమును సున్నవరకు చదువును. మూలములోనే సున్న లేనిచో మరల హద్దు దాటును. లినక్స్ కెర్నెలు పెద్దలు 2015లో స్ట్రింగ్-ఎస్-కాపీని చేర్చిరి. ఇది కావలసినదానికి మించి చదువదు. పేరు తెగినచో తెగినదని దోషసంఖ్యతో తెలుపును. కాని ఇది మిగిలిన అరలను కడుగదు. కడుగుట కొరకు దానికి తోడుగా 2019లో స్ట్రింగ్-ఎస్-కాపీ-ప్యాడ్ వచ్చెను. ఇది మిగిలిన చోటునంతయు సున్నలతో నింపును. స్ట్రింగ్-ఎల్-కాపీని 2024లో కెర్నెలునుండి తొలగించిరి.

కనుక ఏ పనిముట్టును సర్వరోగనివారిణి కాదు. విద్యార్థి గుర్తుంచుకొనవలసిన నియమములు నాలుగు.

ఒకటి: పోయుటకు ముందు కొలువుము. మూలము పొడవునకు సున్న కొరకు ఒకటి కలిపి, గది చాలునో లేదో చూడుము. అక్షరములను గాక బైట్లను లెక్కింపుము.

రెండు: తెగినదేమో అడిగి తెలిసికొనుము. పనిముట్టు తిరిగి ఇచ్చు సంఖ్యను పారవేయకుము. పేరు ఇమడనిచో పెద్ద గదిని తెమ్ము, లేదా ఇమడలేదని చెప్పుము, మౌనముగా కత్తిరింపకుము. తప్పనిసరియైనచో అక్షరము నడుమ కోయకుము. యూటీఎఫ్-8లో గుర్తు నడిమి బైట్ల విలువలు 128 నుండి 191 వరకు ఉండును. కోత అట్టి బైటు ముందు పడినచో, గుర్తు మొదలు దొరకువరకు వెనుకకు జరుగుము.

మూడు: ఎదుటివాడు చెప్పిన కొలతను నమ్మకుము. వచ్చినది ఎంతయో నీవే చూచి అంతయే తిరిగి ఇమ్ము.

నాలుగు: గదిని కడిగి ఇమ్ము. క్రొత్తగా తీసికొన్న గదిని మొదట సున్నలతో నింపుము. వేర్వేరు పరిమాణముల గదులను ఒక కట్టగా చేసినప్పుడు వాని నడుమ సందులు మిగులును. ఆ సందులలోను పాత సమాచారము దాగును గనుక కట్టనంతయు కడుగుము. సంకేతపదములను వాడిన పిదప చెరిపివేయుము. ఇందును ఒక జాగ్రత్త కలదు. చెరిపిన చోటును తిరిగి వాడుట లేదని తెలిసిన కంపైలరు, ఆ చెరపుటయే వ్యర్థమని తొలగింపవచ్చును. అట్లు తొలగింపరాని చెరపు పనిముట్టును 2023 నాటి సీ ప్రమాణములో చేర్చిరి.

జ్ఞా అను అక్షరము చేసిన నేరమేమి?

ఇక మన భాషకు నేరుగా తగిలిన సంగతి. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ ఐఫోనులలో "జ్ఞా" అను తెలుగు అక్షరము గల సందేశము వచ్చినచో ఆ సందేశపు ప్రోగ్రాము కూలిపోవుచున్నదని లోకమంతట వార్త వ్యాపించెను. ఐఫోనులే గాక ఆ సంస్థ ఇతర యంత్రములును ఇట్లే బాధపడెను. "ఫోనును చంపు తెలుగు అక్షరము" అను తీరున పలువురు వేడుకగా చెప్పుకొనిరి. ఫిబ్రవరి 19వ తేదీన ఆ సంస్థ సవరణను విడుదల చేసెను. తగిన రీతిని కూర్చిన స్ట్రింగు వచ్చినప్పుడు మెమరీ చెడుచుండెననియు, వచ్చినదానిని మెరుగుగా పరీక్షించుటద్వారా సరిదిద్దితిమనియు దాని ప్రకటన తెలిపెను.

నిజమునకు మామూలుగా వ్రాసిన "జ్ఞానము" వలన ఏ హానియు లేదు. జకారము, పొల్లు, ఞకారము, వాని తరువాత కంటికి కనబడని విడదీయు గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘము: ఈ వరుసయే చిక్కు తెచ్చినది. అట్టి వరుసలు దేవనాగరి, బెంగాలీ లిపులలోను చిక్కు తెచ్చెను. కనుక దోషము అక్షరముది కాదు. అట్టి వరుస రాగలదని ముందుగా యోచింపని ప్రోగ్రాముది. అతిథి వచ్చిన పీట విరిగినచో అతిథిని నిందింపము గదా!

ఈ తాలూకాలో పుట్టి, ఇంట తమిళము మాటలాడుచు, కన్నడమున రచించి, ఊరి పేరునే తన పేరుగా ధరించిన మాస్తి వేంకటేశ అయ్యంగారు 1983లో జ్ఞానపీఠ పురస్కారమును పొందిరి. ఆ పురస్కారపు పేరునకు మొదటి అక్షరము ఈ "జ్ఞా"యే. భాషలు కలిసిమెలిసి బ్రతుకు ఇట్టి సీమలో పెరిగిన పిల్లలకు, ప్రతి లిపికిని తన కొలత తనకు కలదని వేరుగా బోధింపనక్కరలేదు. ప్రోగ్రాము వ్రాయునప్పుడు ఆ ఎరుకను మరువకున్న చాలును.

తల్లిదండ్రులు చేయదగినది

ప్రోగ్రాములు వ్రాయుట అందరి పని కాదు. ప్రశ్నించుట అందరి పని. బిడ్డ పేరును తెలుగునను కన్నడమునను పూర్తిగా వ్రాయించి, తెరపైనను అచ్చు ప్రతిలోను చివరి అక్షరమువరకు వచ్చినదేమో చూడుడు. విరిగిన గుర్తు కనబడినచో దానిని అచ్చుతప్పుగా భావించి ఊరకుండక తెలియజేయుడు. అది గది చాలలేదనుటకు మొదటి సాక్ష్యము. ఎవరైనను అవసరమునకు మించిన వివరములు అడిగినచో ఎందులకని అడుగుడు. గదిలో లేనిది జారిపోదు. ఫోనునకు భద్రతా సవరణలు వచ్చినప్పుడు వాయిదా వేయకుడు. 2018లో మన అక్షరమునకు పట్టిన పీడ అట్టి సవరణతోనే వదలెను. సీ భాష నేర్చు బిడ్డ ఇంట నున్నచో, "నీ ప్రోగ్రాములో అవ్వ పేరు తెలుగున ఇముడునా?" అని ఒక్కమారు అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు ఆ బిడ్డ ఈ వ్యాసములోని నియమములన్నిటిని తానే తెలిసికొనును.

చిన్న భాషాసమాజమునకు పేరే పెద్ద ఆస్తి. దానిని పొడవు తగ్గించి పొట్టి చేసికొనుట పరిష్కారము కాదు. మన పేర్లకు తగిన గదులను కట్టగల ఇంజనీర్లను మన బడులనుండియే పంపుట పరిష్కారము. ఆ పనికి కావలసినది గొప్ప యంత్రము కాదు. కొలిచి పోయుట, కడిగి ఇచ్చుట అను రెండు మంచి అలవాట్లు. అవి మన ఇండ్లలో తరతరములుగా ఉన్నవే.